ఇరవై రెండో సీసా

“ఎవరూ కదలొద్దు!”

ఇన్స్పెక్టరమ్మ కేకకు ఇల్లంతా ఒక్కసారి ఉలిక్కిపడింది. చెక్కపెట్టెకు మేకులు కొట్టబోతున్న భర్త సుత్తి పైకెత్తినవాడు ఎత్తినట్టే ఆగిపోయాడు. ఒక కాలు బూటులో పెట్టిన తమ్ముడు రెండో కాలు గాల్లోనే ఉంచుకున్నాడు. కుర్చీలో కునికిపాట్లు పడుతున్న అత్తగారు కళ్లు తెరిచి, “ఏం పేలింది?” అంది.

“ఏం పేల్లేదత్తయ్యా. ఇరవై రెండున్నాయి.”

“ఏంటి?”

“సీసాలు. మూడుసార్లు లెక్కపెట్టాను. ఇరవై రెండు.”

భర్త సుత్తి కిందికి దించాడు. “ఓస్, ఇంతేనా! పోయాయేమో అనుకున్నాను. ఒకటి ఎక్కువే ఉందిగా, మంచిదేగా?”

“అదేనండీ మొత్తుకుంటున్నాను! ఒకటి ఎక్కువుంది!”

గోడ గడియారం మూడూ పదిహేను చూపిస్తోంది. ఐదింటికి రేవు వ్యాను వస్తుంది. తమ్ముణ్ణి, పెట్టెను ఎక్కించుకుపోతుంది. ఆరింటికి పడవ. పడవ ఎక్కితే ఐదు నెలల పాటు సముద్రం మధ్య ఒక రాయి, రాయి మీద లైట్‌హౌస్, లైట్‌హౌస్‌లో తమ్ముడు. అంతే. డాక్టరు లేడు, దుకాణం లేదు, పలకరిద్దామంటే పక్షి తప్ప ప్రాణి లేదు.

పోయినసారి ఆ ఐదు నెలలూ అతను బిస్కట్లు తిని బతికాడు. తిరిగొచ్చిననాడు తలుపు తీసిన అక్క, “ఎవరు కావాలండీ?” అని అడిగింది. అంతలా ఎండిపోయాడు. చిగుళ్లలోంచి రక్తం. ప్యాంటు జారకుండా పడవ తాడు కట్టుకున్నాడు. తల్లి పోయినప్పటి నుంచీ తన చేత్తో పెంచిన పిల్లాడు అలా గుమ్మంలో నిలబడితే ఆమె ఆ పూట వంటింట్లోకి వెళ్లి తలుపేసుకుంది. బయటికొచ్చి ఒకే మాట అంది. “ఈసారి వీడు తిండి తీసుకునే వెళ్తాడు. ఉత్త చేతుల్తో మాత్రం పంపను.”

అలా మొదలైంది క్యానింగ్, అంటే వండిన తిండిని సీసాల్లో బిగించి, ఉడికించి, నెలల తరబడి నిలవ ఉంచే విద్య.

ఆమె ఉద్యోగం తూనికలు కొలతల శాఖలో. పంతొమ్మిదేళ్ల సర్వీసు. ఆమె వీధి మలుపు తిరిగితే చాలు, బజార్లో తక్కెళ్లు వాటంతటవే సరిగ్గా నిలబడతాయని చెప్పుకుంటారు. అలాంటి మనిషి క్యానింగ్ మొదలుపెడితే ఎలా ఉంటుంది? నడుమెత్తు కుక్కర్ కొంది. మూతకు ఆరు మరలు, నెత్తిన ఆవిరి ఒత్తిడి చూపే గడియారంలాంటి ముల్లు. కొన్న మర్నాడే ఆ ముల్లును ఆఫీసుకు తీసుకెళ్లి పరీక్ష చేయించింది. నాలుగు నెలలు ఉత్త నీళ్ల సీసాలతో సాధన చేసింది. నీళ్లు! వాటిని కూడా సీసాల్లో బిగించి, గంటన్నర ఉడికించి, తేదీ రాసి అలమరలో పెట్టింది. ఇంటికొచ్చినవాళ్లు దాహమడిగితే అత్తగారు, “ఏ నెల నీళ్లు కావాలి?” అని అడిగేది.

చివరికి మొన్న ఆదివారం అసలు పని. మాంసం, బీన్స్, క్యారెట్ వేసి కాచిన చిక్కటి సూప్. కుక్కర్లో ఒక్క వాయికి ఏడు సీసాలే పడతాయి. మూడు వాయిలు. ఏడు మూళ్లు ఇరవై ఒకటి. వాయి వాయికీ పది నిమిషాలు ఆవిరి వదిలి, ముల్లు పదకొండు మీద గంటన్నర నిలబెట్టి, నిమిషం నిమిషం పుస్తకంలో రాసుకుంది. మూడో వాయి దిగేసరికి ఆమె కళ్లముందు ముళ్లు తప్ప మనుషులు కనబడలేదు.

ఇరవై ఒకటి ఉడికాయి. పెట్టెలో ఇరవై రెండున్నాయి. అంటే, ఇందులో ఒక సీసా కుక్కర్ మొహమే చూడలేదు.

“అయితే ఆ ఒక్కటీ తీసి పారేద్దాం,” అన్నాడు తమ్ముడు.

“ఏ ఒక్కటి?”

తమ్ముడు పెట్టెలోకి తొంగిచూశాడు. ఇరవై రెండు సీసాలూ ఒకే తల్లి పిల్లల్లా అతనివైపు చూశాయి. అదే గోధుమరంగు సూప్, అదే పచ్చ లేబుల్, అన్ని మూతలూ నడిమికి నొక్కుకుపోయి గట్టిగా బిగిసే ఉన్నాయి.

“అన్నీ బిగుసుకునే ఉన్నాయిగా అక్కా?”

“వేడి సూప్ పోసి మూత పెట్టి వదిలేస్తే, చల్లారేటప్పుడు దానంతటదే బిగుసుకుంటుందిరా. పైకి చూస్తే బంగారం. లోపల గాలి చొరదు, ఉడుకు చాలదు. అలాంటి చోటే ప్రాణం తీసే విషం పెరిగేది. దానికి వాసనుండదు, రంగుండదు, రుచుండదు. ఒక్క చెంచా చాలు.”

“తినేముందు బాగా మరిగించుకుంటాలే.”

“నువ్వా? స్టవ్ వెలిగించే ఓపికే ఉంటే పోయినసారి బిస్కట్లెందుకు తిన్నావు? మూత తీసి, నిలబడి, చెంచా పెట్టి తింటావు. నాకు తెలీదూ నీ సంగతి?”

తమ్ముడు రెండో బూటు తొడుక్కోవడంలో పడ్డాడు. నిజం కదా.

ఇన్స్పెక్టరమ్మ వీధి తలుపు గడియ వేసింది. పెరటి తలుపు గడియ వేసి, రెంటికీ తాళం పెట్టింది. తాళాలగుత్తి నడుముకు దోపుకుంది. “ఆ సీసా దానంతటది నడిచొచ్చి అలమరలో కూర్చోలేదు. ఎవరో పెట్టారు. ఎవరు పెట్టారో వాళ్లకే తెలుసు అదేదో. ఐదింటిలోపు ఆ పెట్టినవాళ్లు బయటికి రావాలి. లేదంటే ఇరవై రెండూ కాలవపాలు. వీడు మళ్లీ బిస్కట్లతో పోతాడు.”

పక్కగదిలోంచి ఎవరో తుమ్మారు.

“ఎవరక్కడ?”

“నేనేనమ్మా,” అంటూ పియానో మాస్టారు బయటికొచ్చాడు. పక్కింటాయన. పియానోలకు శ్రుతి సరిచేసే పని. “పేపరు చూద్దామని వచ్చాను. ఇప్పుడే వెళ్లిపోతాను.”

“తలుపులు వేశాను మాస్టారూ. మీరూ అనుమానితులే. కూర్చోండి.”

మాస్టారు కూర్చున్నాడు.

మొదటి అనుమానం ఎవరి మీదకు పోతుందో అందరికీ తెలుసు. చూపులన్నీ కుర్చీ వైపు తిరిగాయి. కుక్కర్ ఇంట్లో అడుగుపెట్టిన రోజు నుంచీ దాన్ని ‘బాంబు’ అని తప్ప మరో పేరుతో పిలవని మనిషి అత్తగారు. అది ఆవిరి వదిలినప్పుడల్లా దుప్పటి కప్పుకుని వరండాలో కూర్చునేది.

“నన్నెందుకు చూస్తారు? ఆ బాంబు దరిదాపులక్కూడా నేను పోనని ఊరందరికీ తెలుసు.”

“మిగిలిన సూప్ ఎవరు చూశారత్తయ్యా? కుండలో కొంచెం మిగిలుండాలి.”

“మిగిల్తే మనం రాత్రి తాగలేదూ? నువ్వేగా వడ్డించావు, గరిటె గరిటెకీ కొలిచి!”

అదీ నిజమే. ఇన్స్పెక్టరమ్మ భర్త వైపు తిరిగింది. ఆయన బోర్డులు రాసే పెయింటరు. ఇరవై రెండు లేబుళ్లూ ఆయన రాసినవే. ఒక్కో అక్షరం అచ్చుగుద్దినట్టు ఉంది.

“ఏవండీ, లేబుళ్లు రాసేటప్పుడు లెక్కపెట్టలేదా?”

“నాకు సీసాలిచ్చావు, రాశాను. ఎన్నిస్తే అన్ని రాస్తాను. సినిమాహాలువాళ్లు నలభై బోర్డులడిగితే ఎందుకని అడుగుతానా?”

“ఏ వాయి సీసాలు ఆ వాయికి విడివిడిగా పెట్టాను. ఎందుకు కలిపేశారు?”

“అందంగా ఉంటాయని ఒక పొడుగు, ఒక పొట్టి పేర్చాను.”

“అన్నీ ఒకే సైజు!”

“నీకు అలా కనబడతాయి. నేను కళాకారుణ్ణి.”

ఆమె పళ్లు నూరి, తన కుక్కర్ పుస్తకం తీసుకుని గదిలోకి వెళ్లింది. మూడు వాయిల వివరాలు అక్షరం అక్షరం చదివింది. మొదటి వాయి, ఏడు. రెండో వాయి, ఏడు. మూడో వాయి, ఏడు. ముల్లు ఎక్కడా జారలేదు. హాల్లోంచి గుసగుసలు వినబడ్డాయి. ఆమె గబగబా వచ్చేసరికి నలుగురూ నాలుగు దిక్కులకు చూస్తున్నారు. భర్త మొహంలో నెత్తురుచుక్క లేదు. అత్తగారు పైట కొంగు వేళ్లకు చుట్టుకుంటోంది.

“ఏం మాట్లాడుకుంటున్నారు?”

“వాతావరణం,” అన్నాడు తమ్ముడు.

మూడూ నలభై అయింది.

పియానో మాస్టారు గొంతు సవరించుకున్నాడు. “అమ్మా, నాదొక మనవి. బిగిసిన మూతను చెంచాతో కొడితే స్వరం పలుకుతుంది. ఉడికిన సీసా స్వరం వేరు, ఉడకనిది వేరు అయ్యుండాలి. నలభై ఏళ్లుగా ఈ చెవులతోనే బతుకుతున్నాను. నాకొక్క చెంచా ఇప్పించండి.”

సీసాలన్నీ బల్లమీద మూడు వరసలుగా పెట్టారు. మాస్టారు కళ్లు మూసుకుని, ఒక్కో మూతమీద చెంచాతో కొడుతూ, చెవి ఆనిస్తూ, తల ఊపుతూ ముందుకు కదిలాడు. టింగ్. టింగ్. టింగ్. తమ్ముడి పాదం తెలియకుండానే తాళం వేయసాగింది. పదకొండో సీసా దగ్గర మాస్టారు ఆగాడు. మళ్లీ కొట్టాడు. ఆయన కనుబొమలు నుదుటిమీదికి ఎక్కాయి.

“ఇదే. అర స్వరం తక్కువ పలుకుతోంది. నా చెవి మీద ఒట్టు.”

“అబ్బ!” అంటూ భర్త లేచి ఆయన భుజం తట్టాడు. తమ్ముడు చప్పట్లు కొట్టాడు.

“ఆగండి,” అంది ఇన్స్పెక్టరమ్మ. “మాస్టారూ, గోడవైపు తిరగండి.”

ఆయన తిరిగాడు. ఆమె పదకొండో సీసా లేబుల్ అంచున చిన్న సున్నంచుక్క పెట్టి, దాన్ని మొదటి వరసలో నాలుగోచోటికి జరిపి, మిగతావి సర్దింది. “ఇప్పుడు చెప్పండి.”

టింగ్. టింగ్. నాలుగోదాన్ని మాస్టారు దాటిపోయాడు. తొమ్మిదో దాన్ని దాటాడు. పంతొమ్మిదో దాని దగ్గర ఆగి, కన్నీళ్లు పెట్టుకున్నంత పనిచేశాడు. “ఇదే తల్లీ! పాపిష్టి సీసా! అర స్వరం తక్కువ!”

“కూర్చోండి మాస్టారూ.”

“ఒక్కసారి ఈ కిటికీ మూసి...”

“కూర్చోండి!”

నాలుగైంది. ఇన్స్పెక్టరమ్మ ఒక్కొక్క సీసానే చూస్తూ బల్ల చుట్టూ తిరగసాగింది. ఎంత ఆపుకున్నా కళ్లముందు ఒకటే బొమ్మ. రాతిమీద కూర్చుని, కాళ్లూపుకుంటూ, సీసాలో చెంచా పెట్టి తింటున్న తమ్ముడు. ఆ తర్వాత ఆ రాతిమీద ఎవరూ లేరు. దీపం మాత్రం ఒక్కటే తిరుగుతోంది.

“పారబోద్దాం,” అంది. “ఇరవై రెండూ.”

అప్పుడు భర్త లేచి నిలబడ్డాడు. బోర్డు రాసేముందు ఊపిరి బిగబట్టినట్టు బిగబట్టి, “నేనే పెట్టాను,” అన్నాడు.

“మీరా?”

“నేనే. బుద్ధి గడ్డితిని పెట్టాను. అదిగో, చివరినుంచి మూడోది. తీసి పారెయ్. మిగతావి సర్దు.”

ఆమె ఆయన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. బజార్లో నూనెవ్యాపారుల ఎదుట కూర్చున్నట్టే.

“మూత కింద ఎంత ఖాళీ వదిలారు?”

“ఖాళీయా? ఆ... ఒక జానెడు.”

“జానెడా! సీసా పొడుగే జానెడు. లోపల ఇంకేం పోశారు, మీ ప్రేమా?”

“అంటే, బెత్తెడు...”

“సీసా అంచు దేంతో తుడిచారు?”

“బ్రష్షుతో,” అనేశాడు పెయింటరు. అని నాలుక కరుచుకున్నాడు.

“వెళ్లి ఆ మూల నిలబడండి.”

ఆయన మూలకు నడుస్తుండగానే తమ్ముడు ముందుకొచ్చాడు. “అక్కా, బావను అనకు. పెట్టింది నేను. రెండో వరసలో మొదటిది.”

“ఆదివారం నువ్వు ఈ ఊళ్లోనే లేవు. సోమవారం పొద్దున దిగావు.”

“శనివారమే పెట్టి వెళ్లాను.”

“శనివారం సూపే కాయలేదురా!”

“అందుకే ఉడకలేదక్కా!”

అత్తగారు నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. తమ్ముడు వెళ్లి బావ పక్కన మూలలో నిలబడ్డాడు. ఈలోగా పియానో మాస్టారు చెయ్యెత్తాడు. “ఇంక దాచలేను. అది నా పనే. ఆ పంతొమ్మిదోది. అందుకే నాకంత కచ్చితంగా తెలిసింది.”

“మాస్టారూ, మీకు మా వంటిల్లు ఎటువైపుందో తెలుసా?”

ఆయన కొంచెంసేపు ఆలోచించి, పెరటివైపు చూపించాడు. అది స్నానాలగది. మూలలో ముగ్గురయ్యారు.

ఇన్స్పెక్టరమ్మకు తల తిరిగిపోయింది. పంతొమ్మిదేళ్లలో ఎంతమంది దొంగల్ని పట్టలేదు? తక్కెడలో సరుకు పళ్లెం కింద మైనం అంటించినవాణ్ణి పట్టింది. పాలకొలత అడుగు పైకి నొక్కినవాణ్ణి పట్టింది. అందరూ ‘నేను కాదు, నేను కాదు’ అన్నవాళ్లే. ‘నేనే, నేనే’ అని తోసుకుంటూ వచ్చే దొంగల్ని ఆమె ఎన్నడూ చూడలేదు. ఒక నేరం, ముగ్గురు దొంగలు, మూడు సీసాలు.

నాలుగూ ఇరవై.

“అమ్మాయీ,” అంది అత్తగారు.

ఆ పిలుపులో ఏదో ఉంది. ఇన్స్పెక్టరమ్మ ఆగి చూసింది. అత్తగారు కుర్చీలోంచి లేచి, కొంగు సర్దుకుని, కోర్టుబోనులో సాక్షిలా బల్ల అంచు పట్టుకుంది. “వాళ్లు చేతకానివాళ్లు. అబద్ధమాడటం కూడా రాదు. చేసింది నేను. నువ్వు రెండో వాయి ముందు కూర్చుని ముల్లును చూస్తూ కళ్లు మూశావు చూడు, అప్పుడు. నీ బాంబును ఓడించాలనే పెట్టాను. గరాటుతో పోశాను. వేలెడంత ఖాళీ వదిలాను. తడిగుడ్డతో అంచు తుడిచాను. మూత పెట్టాను, మర తిప్పాను.”

ఇన్స్పెక్టరమ్మ వేళ్లమీద లెక్కేసింది. అన్నీ సరిపోయాయి. వేలెడంత ఖాళీ. తడిగుడ్డ. ఇంతకాలం దుప్పటి ముసుగులోంచి అంతా గమనిస్తూనే ఉందన్నమాట!

“అత్తయ్యా... మీరు...”

“నేనే. నన్ను ఏమైనా అను. పడతాను.”

“ఏ సీసా?”

అత్తగారు ఒక్కక్షణం తడబడి, నడిమి వరసలో ఒకదాన్ని ముట్టుకుంది. “ఇది.”

“కచ్చితంగానా? ఇక్కడ వాడి ప్రాణం ఉంది అత్తయ్యా. మళ్లీ మొదటినుంచి చెప్పండి. మూత పెట్టారు. మర తిప్పారు. ఆ తర్వాత?”

“ఆ తర్వాతేముంది! మెడకు తీగ చుట్టి, ముద్ర నొక్కి, అలమరలో...”

మూలలోంచి భర్త దగ్గాడు. అది మామూలు దగ్గు కాదు. పొలం గట్టుమీద నుంచి కేకేసినట్టు దగ్గాడు.

“ఏ తీగ?” అంది ఇన్స్పెక్టరమ్మ.

అత్తగారు గబుక్కున కొడుకువైపు చూసింది.

“ఏ తీగ అత్తయ్యా? నా సీసాలకు తీగలుండవు. ఎవరు చెప్పారు మీకు తీగ సంగతి?”

ఇన్స్పెక్టరమ్మ నెమ్మదిగా మూలవైపు తిరిగింది. పియానో మాస్టారు పైకప్పు చూస్తున్నాడు. తమ్ముడు బూటులేసు కడుతున్నాడు, ముందే కట్టినదాన్ని. భర్త చొక్కాజేబును అరచేత్తో మూసుకున్నాడు.

“జేబులో ఏముంది?”

“బీడీలు.”

“మీరు బీడీ మానేసి ఆరేళ్లయింది. తియ్యండి.”

ఆయన తీశాడు. అరచేతిలో, కత్తిరించిన సన్నటి తీగముక్క. దాని కొసన బఠాణీగింజంత సీసం లోహపు బిళ్ల. బిళ్లమీద నొక్కిన ముద్ర.

“సోమవారం లేబుళ్లు అంటించేటప్పుడు ఒక సీసా మెడకుంది,” అన్నాడు ఆయన నేలచూపులు చూస్తూ. “లేబుల్ వంకరగా కూర్చుంటోందని కత్తిరించేశాను. నువ్వేదో ముద్దుకు కట్టావనుకున్నాను. ఇవాళ నువ్వు ఇరవై రెండని అరిచాకే నాకు తట్టింది. అప్పటికే అన్నీ కలిపేశానాయె. ఏ సీసా మెడనుంచి కత్తిరించానో దేవుడిమీద ఒట్టు, గుర్తులేదు.”

“వాడే చెప్పాడమ్మాయీ మాకు, నువ్వు పుస్తకం చదువుకుంటుంటే,” అంది అత్తగారు. “ఏ సీసానో తెలీనప్పుడు ఆ మాట నీకు చెప్పి లాభమేంటి? ఎవరో ఒకరం నెత్తినేసుకుంటే నువ్వు ఒకటి తీసేసి మిగతావి సర్దుతావనుకున్నాం.”

“ఒకటి తీసేసి! ఆ ఒకటి అది కాకపోతే?”

అత్తగారి మొహం పాలిపోయింది. ఈ సంగతి నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు. పరువు కాపాడే తొందరలో మనిషిని చంపబోయారు.

ఇన్స్పెక్టరమ్మ ఇంకేం వినడం లేదు. బిళ్లను వేళ్లమధ్య తిప్పుతోంది. ఆ ముద్ర ఆమెకు బాగా తెలుసు. సరుకు నింపే ఫ్యాక్టరీలో అడుగుపెట్టగానే ఆమె చేసే మొదటి పని ఇదే. నింపిన సరుకులోంచి ఒకటి పక్కకు తీస్తుంది. తీగ చుడుతుంది. ముద్ర నొక్కుతుంది. నమూనా! రేపు గొడవొస్తే పోల్చి చూడటానికి ప్రతి సరుకులోనూ ఒక నమూనా తియ్యాలి. రోజుకు నాలుగుసార్లు, పంతొమ్మిదేళ్లు. ముద్ర పట్టకారు, తీగచుట్ట ఇంట్లోనూ ఆమె సంచిలోనే ఉంటాయి. బుర్ర ఎక్కడున్నా చేతులు ఆ పని చేసుకుపోతాయి.

చేతులు చేసుకుపోయాయి.

అయితే... చేతులు ఇంకో పని కూడా చేసుండాలి. నమూనా తీసిన ప్రతిసారీ చేసేదే.

“అడుగున!” అని అరిచింది. “సీసా అడుగున!”

తమ్ముడు ఒక సీసా పట్టుకుని తలకిందులు చెయ్యబోయాడు. ఆమె వాడి చేతిమీద ఒక్కటి వేసింది. “తిప్పొద్దు! తిప్పితే మూత పట్టు సడలొచ్చు. ఎన్నిసార్లు చెప్పాను?”

నిజమే, సీసా తలకిందులు చెయ్యకూడదన్నది ఆ ఇంట్లో అందరికీ నూరిపోసిన సంగతి. అందుకే ఇన్నాళ్లూ ఒక్క సీసా అడుగూ ఎవరూ చూడలేదు.

ఇన్స్పెక్టరమ్మ బల్ల పక్కన నేలమీద వెల్లకిలా పడుకుంది.

“ఒక్కోటీ నా మొహంమీదికి తెండి. నిటారుగా. మెల్లగా.”

మూలలోని ముగ్గురు దొంగలూ వరస కట్టారు. పెయింటరు బల్లమీంచి అందించేవాడు, తమ్ముడు ఆమె మొహానికి మూరెడు ఎత్తున పట్టుకునేవాడు, మాస్టారు తీసుకుని పెట్టెలో పెట్టేవాడు. అత్తగారు డాక్టరు రోగికి పట్టినట్టు కోడలి కళ్లకు టార్చిలైటు పట్టింది.

“లైటు సీసాకత్తయ్యా, నాకు కాదు,” అని ఇన్స్పెక్టరమ్మ చూడటం మొదలుపెట్టింది.

“ఏమీ లేదు. తర్వాతది. ఏమీ లేదు. తర్వాతది.”

నాలుగూ నలభై ఐదు. పది సీసాలు. పన్నెండు. పదిహేనోది తమ్ముడి చేతిలో జారబోయింది. ఇంటిల్లిపాదీ ఒకే గొంతుతో కేకేశారు. పదిహేడోది పైకి వచ్చింది.

ఇన్స్పెక్టరమ్మ తమ్ముడి మణికట్టు పట్టుకుని ఆపింది.

“అక్కా?”

గాజు అడుగున, నీలం మైనపు పెన్సిలుతో, అగ్గిపుల్ల తలంత అక్షరాలు. ఆదివారం తేదీ. దానికింద ఒక పొట్టి సంతకం.

“ఇదే,” అంది మెల్లగా. “బల్లమీద విడిగా పెట్టు.”

“దొరికింది!” పియానో మాస్టారు గెంతాడు. వీధిలో వ్యాను హారన్ మోగింది. తమ్ముడు పెట్టె మూత అందుకున్నాడు.

“ఆగు. ఇంకా ఐదున్నాయి.”

“దొరికిందిగా అక్కా!”

“ఇంకా ఐదున్నాయి!”

హారన్ మోగుతూనే ఉంది. నేలమీద పడుకునే ఆమె మిగతా ఐదూ చూసింది. వాటి అడుగున గాజు తప్ప మరేం లేదు. అప్పుడు లేచి, వీపుకంటిన దుమ్ము దులుపుకుని, కుక్కర్ పుస్తకం ముందేసుకుని మరోసారి లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. ఏడు మూళ్లు. పెట్టెమీద చెయ్యివేసి తలూపింది.

భర్త మేకులు కొట్టాడు. నాలుగు దెబ్బలకు నాలుగు మేకులు దిగాయి. మాస్టారు, తమ్ముడు చెరోవైపు పట్టుకుని పెట్టెను గుమ్మందాకా మోశారు. ఆమె తాళం తీసింది. వ్యాను డ్రైవరు లోపలికి తలపెట్టి, “ఏంటండీ, ఇంట్లో పెళ్లా, పోట్లాటా?” అని అడిగి, జవాబు కోసం చూడకుండా పెట్టె ఎత్తుకుపోయాడు.

ఇరవై రెండో సీసా ఒక్కటే బల్లమీద మిగిలింది.

తమ్ముడు బ్యాగు భుజాన వేసుకుని గుమ్మంలో ఆగాడు. “వెళ్తానక్కా. ఇంక ఆ సంగతి వదిలెయ్. ఎవరు పెట్టారో ఎందుకిప్పుడు?”

“అవును, వదిలెయ్యమ్మాయీ,” అంది అత్తగారు. “నేనే పెట్టానని చెప్పాగా. ఊళ్లో కూడా అలాగే చెప్తాను.”

“కావాలంటే రాసిస్తాను, సంతకం చేసి,” అన్నాడు భర్త. “పెద్దక్షరాల్తో. బోర్డు కట్టిస్తాను.”

“నేను పెట్టానన్నా ఎవరూ నమ్మరా?” అని మాస్టారు దిగులుగా అడిగాడు.

“మీరంతా నన్ను కాపాడుతున్నారా?” అంది ఇన్స్పెక్టరమ్మ.

అత్తగారు నిట్టూర్చింది. “కాపాడక ఏం చెయ్యమంటావు? చేతిగడియారం నాలుగు నిమిషాలు వెనకబడిందని మూడు రోజులు తిండి మానేసిన మనిషివి. ఇది తెలిస్తే బతకనిస్తావా నిన్ను నువ్వు? నువ్వు తప్పు చేస్తావని ఈ ఇంట్లో ఎవరూ అనుకోలేదు. తప్పు మేం చేస్తాం, నువ్వు పట్టుకుంటావు. అదీ మనింటి లెక్క. ఇప్పుడెందుకు మార్చడం?”

హారన్ మళ్లీ మోగింది. తమ్ముడు కదల్లేదు. అందరూ కదలకుండా ఆమెనే చూస్తున్నారు. వద్దు, వద్దు అన్నట్టు భర్త కళ్లతోనే బతిమాలుతున్నాడు.

ఇన్స్పెక్టరమ్మ బల్ల దగ్గరికి నడిచింది. సీసాను రెండు చేతుల్తో పైకెత్తి, అడుగున ఉన్న సంతకాన్ని చివరిసారి చూసుకుంది. సంతకం చక్కగా, తొణక్కుండా ఉంది. నిద్రలో కూడా ఆమె చెయ్యి వంకర పోలేదు. వంటింటి తొట్టి దగ్గరికి వెళ్లి, గ్లవ్సులు తొడుక్కుని, సీసాను రెండు సంచుల్లో చుట్టి మూతి బిగించి, చెత్తడబ్బాలో వేసింది. చేతులు కడుక్కుంది. మళ్లీ కడుక్కుంది. తుడుచుకుంటూ వచ్చి, పదిమంది వ్యాపారుల ముందు ఉత్తర్వు చదివేటప్పుడు నిలబడే తీరులో, వీపు నిటారుగా చేసి నిలబడింది.

“ఆదివారంనాడు, రెండో వాయి దగ్గర నిద్రమత్తులో,” అంది, వీధిలో డ్రైవరుకు కూడా వినబడేంత గట్టిగా, “ఒక సీసాను నింపి, కుక్కర్లో పెట్టకుండా, నమూనా అని ముద్ర వేసి అలమరలో పెట్టిన మనిషి...”

“అమ్మాయీ!” అత్తగారు చెవులు మూసుకుంది.

“...ఈ ఇంటి కోడలు, ఇతని భార్య, నీ అక్క. నేను.”